గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేనివాడు

ర్యాప్ పాటంటే డాబు. ఆ డాబులోకి డిస్కౌంట్లనీ, మధ్యతరగతి భయాల్నీ, లోపలి అసూయల్నీ మోసుకొచ్చి నవ్వించిన ఒక మాజీ అడ్వర్టైజింగ్ ఉద్యోగి కథ ఇది. పేరు లిల్ డిక్కీ.

బెవర్లీ హిల్స్‌లో ఒక గడ్డం కుర్రాడు బంగళాల తలుపులు తట్టుకుంటూ పోతున్నాడు. వెనకాలే కెమెరా. ఎవరైనా తలుపు తీస్తే అడిగేది ఒక్కటే. ర్యాప్ వీడియో తీసుకోవాలి, మీ ఇల్లు కాసేపు వాడుకోనిస్తారా అని. అద్దె మాత్రం ఇవ్వడు. పైసా ఇవ్వకుండా వీడియో పూర్తిచేయాలన్నదే షరతు మరి. చాలామంది కుదరదు పొమ్మన్నారు. చివరికి ఒక ఇంట్లో సరేనన్నారు. తర్వాత లంబోర్గినీ కార్ల షోరూమ్‌కి వెళ్లాడు. నైట్‌క్లబ్ వాళ్లని బతిమాలాడు. విలాస నౌక కోసం తిరిగాడు. మామూలుగా ర్యాప్ వీడియోల్లో కనిపించే హంగులన్నీ ఇలా అరువు తెచ్చుకుని, వాటి ముందు నిలబడి దర్జాగా చేతులూపుతూ పాడాడు. ఇంతకీ ఆ పాట దేని గురించయ్యా అంటే, డబ్బు దాచుకోవడం గురించి!

2015 సెప్టెంబరులో వచ్చిన ఆ వీడియో పేరు 'సేవ్ దట్ మనీ'. పాడినవాడు లిల్ డిక్కీ, అసలు పేరు డేవిడ్ బర్డ్. ఫెటీ వాప్, రిచ్ హోమీ క్వాన్ అనే ఇద్దరు అసలు సిసలు ర్యాపర్లు అతనితో గొంతు కలిపారు. వాళ్లెక్కడా నవ్వరు. మామూలుగా ఏ నోట్ల కట్టల గురించో పాడినంత సీరియస్‌గా పొదుపు గురించి పాడతారు. పాటలో సగం హాస్యం అక్కడే పుట్టింది.

ర్యాప్‌లో గొప్పలు చెప్పుకోవడం కళలో భాగం. మెడలో గొలుసు, చేతికి గడియారం, ఇంటి ముందు కారు, ఇవన్నీ లెక్కపెట్టి మరీ వినిపిస్తారు. బయటివాళ్లకి అది వెకిలిగా అనిపించొచ్చు గానీ దానికో చరిత్ర ఉంది. 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, చేతిలో చిల్లిగవ్వ లేని నల్లజాతి, లాటిన్ కుర్రాళ్ల మధ్య పుట్టిన కళ అది. అలాంటి పేటలో పెరిగినవాడు గొలుసు చూపించి పాడుతున్నాడంటే, ఎక్కణ్నుంచి ఎక్కడికొచ్చానో చూడండి అంటున్నాడన్నమాట. మరి ఫిలడెల్ఫియా శివారులో, కలిగిన యూదు కుటుంబంలో, ఏ లోటూ లేకుండా పెరిగినవాడు ఏం చూపించి గొప్పలు పోవాలి?

ఉన్నదే చూపిస్తానన్నాడు డిక్కీ. విమానం టికెట్లు నెలల ముందే చౌకగా కొనిపెట్టుకోవడం, ఎక్కడ ఏది ఉచితంగా దొరుకుతుందో ఆరా తీసి ఉంచుకోవడం, ఖర్చు తప్పించుకునే సవాలక్ష కిటుకులు. వీటినే వజ్రాల గొలుసుని చూపించినంత గర్వంగా చూపించాడు. అమెరికాలో ఎం.ఎస్. చేస్తూ, నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తా మీద ఎప్పుడు తగ్గిస్తారా అని కాచుకుని కూర్చున్న మన పిల్లలకి ఈ పాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రిపోర్టు ఇవ్వమంటే ర్యాప్ ఇచ్చాడు

డేవిడ్, పొట్టిగా డేవ్, పుట్టింది 1988 మార్చి 15న. ఊరు పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాని ఆనుకుని ఉన్న చెల్టెన్‌హామ్. అయిదో తరగతిలో రష్యన్ కవి అలెగ్జాండర్ పుష్కిన్ మీద రిపోర్టు చేయమంటే ర్యాప్ కట్టి వినిపించాడు. యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్‌లో బిజినెస్ చదివి, 2010లో పట్టా పుచ్చుకుని, శాన్‌ఫ్రాన్సిస్కోలో గుడ్‌బీ సిల్వర్‌స్టీన్ అండ్ పార్ట్‌నర్స్ అనే అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరాడు. చిన్నాచితకా కంపెనీ కాదది. 1993లో 'గాట్ మిల్క్?' అంటూ పాల గురించి అమెరికా అంతటినీ ఊదరగొట్టిన ప్రచారం వాళ్లదే.

మొదట వేసింది అకౌంట్స్ విభాగంలో. ఈ రంగంలో అకౌంట్స్ అంటే జమాఖర్చులు చూసుకునే పని అనుకునేరు. క్లయింటుకీ, కంపెనీలో ప్రకటనలు తయారుచేసేవాళ్లకీ మధ్య తిరుగుతూ ఇరువైపులా చీవాట్లు తినే ఉద్యోగం అది. పని ఎంతవరకు వచ్చిందో నెలనెలా రిపోర్టు ఇవ్వాలి. ఒక నెల డేవ్ దాన్ని ర్యాప్ వీడియోగా తీసి ఇచ్చాడు. మన ఆఫీసుల్లో అయితే మర్నాటికి మెమో చేతిలో పడేది. వాళ్లు మాత్రం అతన్ని తీసుకెళ్లి, ప్రకటనలకి మాటలు రాసే క్రియేటివ్ విభాగంలో కూర్చోబెట్టారు. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్ల 'బిగ్' ప్రచారానికి అక్కడే రాశాడు.

ఈ ఉద్యోగం సంగతి అతని మీద వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యంలో తేలిపోతుంటుంది. నాకైతే అతని కెరీర్‌కి తాళంచెవి అక్కడే ఉందనిపిస్తుంది. అడ్వర్టైజింగ్ వాళ్లకి ఒక పాత కిటుకు తెలుసు. సరుకులో లోటు ఉంటే, కొనేవాడు కనిపెట్టే లోపల మనమే చెప్పేయాలి. అమెరికా అంతా పడవల్లాంటి కార్ల మోజులో ఉన్న 1959లో, ఫోక్స్‌వ్యాగన్ కారుని ప్రకటనలో పెద్ద తెల్లకాగితం మీద ఓ మూలకి బుల్లి బొమ్మగా వేసి, అవును చిన్నదే అని ఒప్పేసుకుని మరీ అమ్మారు. డేవ్ తనని తాను అమ్ముకున్న పద్ధతీ అదే. పెట్టుకున్న పేరే తన మగతనం మీద తనే వేసుకున్న బూతు జోకు. ఇంటిల్లిపాదీ చదివే అనుబంధంలో దాన్ని ఇంతకన్నా వివరించలేం. తెల్లవాణ్ని, యూదుణ్ని, బక్కవాణ్ని, పిరికివాణ్ని అని పాటలో ముందే చెప్పేసుకుంటాడు. రాయి పట్టుకుని వచ్చినవాడు దాన్ని ఎక్కడ విసరాలో తెలియక నవ్వేసి వెళ్లిపోతాడు.

2011 నుంచీ ఇంట్లో మ్యాక్‌బుక్ ముందు కూర్చుని పాటలు రికార్డు చేసుకుంటూ వచ్చాడు. 2013 ఏప్రిల్‌లో మొదటి వీడియో 'ఎక్స్ బాయ్‌ఫ్రెండ్' యూట్యూబ్‌లో పెట్టాడు. కథ చిన్నది. తన గర్ల్‌ఫ్రెండ్ పాత ప్రేమికుడు ఎదురుపడతాడు. ఆ మనిషి అందగాడు, పలకరింపు కూడా ముచ్చటగా ఉంటుంది, ఎటునుంచి చూసినా తనకన్నా నాలుగు మెట్లు పైనే. మామూలు ర్యాపరైతే ఇక్కడ కాలర్ పట్టుకోవాలి. మనవాడు లోలోపల కుంగిపోతూ, ఆ కుంగుబాటునే ర్యాప్‌గా వినిపిస్తాడు. ఒక్క రోజులో పది లక్షలకు పైగా వ్యూలు వచ్చాయి.

ఆ వెనకే 'సో హార్డ్' మిక్స్‌టేప్ వచ్చింది. వారానికొకటి చొప్పున నెలల తరబడి పాటో వీడియోనో వదులుతూనే ఉన్నాడు. పెట్టుబడి ఎక్కడిదంటే, యూదుల ఇళ్లల్లో మగపిల్లలకి పదమూడో ఏట చేసే బార్ మిట్జ్వా వేడుకలో వచ్చిన చదివింపుల డబ్బు. అదీ కరిగిపోయింది. 2013 నవంబరులో కిక్‌స్టార్టర్‌లో అభిమానుల ముందు చేయి చాచాడు. 70 వేల డాలర్లు కావాలంటే నెల తిరిగేసరికి లక్షా 13 వేలు వచ్చాయి. ఆ తర్వాత, 2014 ఫిబ్రవరిలో, ఫిలడెల్ఫియాలోని టీఎల్‌ఏ థియేటర్‌లో మొదటిసారి జనం ఎదుట నిలబడి పాడాడు. క్రమం చూడండి. ముందు పేరొచ్చింది, తర్వాత చందాలొచ్చాయి, ఆఖరున స్టేజీ. పాతతరం ర్యాపర్లు వీధి మూలల్లో, క్లబ్బుల్లో, ఒకరినొకరు దెప్పుకునే పోటీల్లో గొంతు పదునుపెట్టుకున్నాకే రికార్డు కంపెనీ గడప తొక్కేవాళ్లు. ఈ తేడాని వాళ్లు అంత తేలిగ్గా మరిచిపోలేదు.

నవ్వించేవాడా, ర్యాపరా?

ర్యాప్‌కి హాస్యం కొత్తేం కాదు. 1979లో ఈ పాటల్ని దేశమంతటికీ పరిచయం చేసిన షుగర్‌హిల్ గ్యాంగ్ వారి 'ర్యాపర్స్ డిలైట్'లోనే, స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్లి, ఆ వంట మింగలేక, కక్కలేక నానా అవస్థా పడే ఘట్టం ఉంది. 1989లో బిజ్ మార్కీ శ్రుతి తప్పిన గొంతుతోనే 'జస్ట్ ఎ ఫ్రెండ్' పల్లవి పాడి హిట్ కొట్టాడు. 1996లో 'వియర్డ్ ఆల్' యాంకోవిక్ కూలియో పాటకి పేరడీ కట్టి, కరెంటు వాడని ఆమిష్ రైతుల మీద 'ఆమిష్ పారడైజ్' పాడితే కూలియోకి ఒళ్లు మండింది. చల్లారడానికి ఏళ్లు పట్టింది. 2005లో 'సాటర్‌డే నైట్ లైవ్' టీవీ షోలో లోన్లీ ఐలాండ్ కుర్రాళ్లు, గ్యాంగ్‌స్టర్ గొంతులు పెట్టి, కప్‌కేకులు కొనుక్కుని పిల్లల సినిమాకి వెళ్లడం గురించి పాడారు.

వియర్డ్ ఆల్ గానీ, లోన్లీ ఐలాండ్ గానీ తమని ర్యాపర్లుగా గుర్తించమని ఎవరినీ అడగలేదు. పేరడీ కట్టేవాడికి అసలువాళ్లతో పోటీ ఉండదు, అందుకే పేచీ కూడా పెద్దగా ఉండదు. డిక్కీకి ఆ పోటీయే కావాలి. మొదట్లో ర్యాప్ ఒక అడ్డదారి మాత్రమేనని అతనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. నాలుగు వీడియోలతో నవ్వించి కంట్లో పడితే, సినిమాలకీ టీవీకీ రాయొచ్చు, నటించొచ్చు అనుకున్నాడట. తీరా ఆ దారిలో దిగాక అందులోనే ఉండిపోవాలనిపించింది. జోకులేసేవాడు అన్న పేరుతో లోపలికొచ్చి, లోపలికొచ్చాక ఆ పేరు వదిలించుకోవాలని చూడడం, అదెంతకీ వదలకపోవడం, ఇదే ఇప్పటిదాకా అతని కెరీర్ అంతా.

2015 జులై 31న విడుదలైన మొదటి ఆల్బమ్ 'ప్రొఫెషనల్ ర్యాపర్' ఈ తగువుని నట్టింట్లో పెట్టి మాట్లాడింది. టైటిల్ పాట మొత్తం ఒక ఉద్యోగ ఇంటర్వ్యూ. బల్లకి అవతల స్నూప్ డాగ్. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో పెరిగి, 1990ల నుంచీ ర్యాప్‌కి పెద్దదిక్కుల్లో ఒకడిగా నిలిచిన మనిషి. బల్లకి ఇవతల మనవాడు. ఈ ఉద్యోగం నీకే ఎందుకివ్వాలి, నీ వెనక కథేంటి అన్న ధోరణిలో స్నూప్ నింపాదిగా కూపీ లాగుతాడు. ఇతను తడబడకుండా ఉన్నదున్నట్టు ఒప్పేసుకుంటాడు. కష్టాలు పడలేదు, చదువుకున్నాను, మంచి ఉద్యోగం వదిలి వచ్చాను, మీకు తెలియని మరో రకం జీవితం గురించి చెబుతాను అంటాడు. కార్టూన్ బొమ్మలతో తీసిన వీడియో కాబట్టి కళ్లకి తమాషాగానే ఉంటుంది. చెవులు పెట్టి వింటే మాత్రం సగానికొచ్చేసరికి తమాషా పలచబడి, గుమ్మంలో నిలబడ్డ మనిషి చేసే నిజమైన వాదన వినిపిస్తుంది. కొలువు దొరుకుతుంది. అయితే ఆ ఉత్తర్వు రాసుకున్నదీ అతనేనని మనం మరిచిపోకూడదు.

ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 జాబితాలో ఏడో స్థానానికి చేరింది. ఏటా కొత్త ర్యాపర్లని ఎంచి ప్రకటించే 'ఎక్స్‌ఎక్స్‌ఎల్' పత్రిక 2016లో కోడాక్ బ్లాక్, 21 శావేజ్, లిల్ ఊజీ వర్ట్, ఆండర్సన్ పాక్‌ల సరసన అతని పేరూ చేర్చింది. ఆ జాబితాలో చోటు కోసం కుర్రాళ్లు ఎంత తపిస్తారో తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

పనితనం విషయంలో అతన్ని తక్కువ చేయడానికి లేదు. గుక్క తిప్పుకోకుండా పొడుగాటి వాక్యాలు అల్లి, ప్రాస ఎక్కడో పడాల్సిన చోట కాకుండా ఒక అడుగు అవతల పడేసి నవ్వు తెప్పించగలడు. ముఖ్యంగా సంభాషణ రాయడంలో దిట్ట. అదే ఆల్బమ్‌లో 'పిల్లో టాకింగ్' అని పది నిమిషాలు దాటిన పాట ఒకటుంది. రాత్రివేళ పక్క మీద ఒక జంట పిచ్చాపాటీ. ఆమె మాటవరసకి ఏదో అంటుంది, అతను ఊరుకోలేక ఒక వాదన తీస్తాడు. మాటల్లో మాటగా యుద్ధం, మాంసాహారం, దేవుడు, గ్రహాంతరవాసుల దాకా పోతుంది. మధ్యమధ్యలో అతని మెదడే ఒక పాత్రగా వచ్చి తన అభిప్రాయం చెబుతుంది. క్రెడిట్స్‌లో కూడా తోడు గాయకుడి స్థానంలో 'బ్రెయిన్' అనే ఉంటుంది. నోరు మూసుకుని పడుకుంటే తెల్లారిపోయే గొడవని, నెగ్గాలన్న పంతంతో సాగదీసే మగవాడి బుద్ధిని ఇంత సూటిగా పట్టుకున్న పాటలు ఏ భాషలోనూ ఎక్కువ ఉండవేమో. 2017లో వచ్చిన దాని వీడియోకి ఏడు లక్షల డాలర్ల దాకా అయిందని చెప్పుకున్నారు. పైసా ఖర్చు లేకుండా వీడియో తీశానని రెండేళ్ల కిందట చాటుకున్నవాడే ఇతను!

ఎవరి నోట ఎవరి మాట

అసలు చిక్కు జాతి దగ్గర వచ్చింది. తొలినాళ్ల పాట 'వైట్ డ్యూడ్'లో, తెల్లవాడిగా పుట్టడంలో ఉన్న సుఖాలన్నీ ఏకరువు పెట్టాడు. ఇది తెల్లవాళ్ల భోగం మీద ఎత్తిపొడుపని అభిమానులు అన్నారు. ఎత్తిపొడుపు సరే, ఆ భోగం కాస్తా అనుభవిస్తూనే ఉన్నావు కదా, నల్లవాళ్ల కళతోనే సంపాదిస్తూనే ఉన్నావు కదా అన్నారు ఇంకొందరు. ఇద్దరి మాటా నిజమే. యూదు కుర్రాళ్లు ర్యాప్ చేయడం కొత్తేమీ కాదు, 1987లోనే బీస్టీ బాయ్స్ ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. కాకపోతే తన తెల్లదనాన్నే సరుకుగా పెట్టి అమ్మడం మొదలెట్టాక, దాని మీద వచ్చే ప్రశ్నలకి జవాబు చెప్పుకునే పూచీ కూడా మీద పడుతుంది.

ఆ పూచీని అతను సరిగ్గా తన ముప్పయ్యో పుట్టినరోజున, 2018 మార్చి 15న, గాలికొదిలేశాడని నా అభిప్రాయం. ఆ రోజు వచ్చిన 'ఫ్రీకీ ఫ్రైడే' అతని కెరీర్‌లో అతి పెద్ద హిట్. బ్రిటన్‌లో మొదటి స్థానం, అమెరికాలో ఎనిమిదో స్థానం. పరకాయ ప్రవేశం కథ. పొద్దున లేచేసరికి డిక్కీ గాయకుడు క్రిస్ బ్రౌన్ ఒంట్లో ఉంటాడు, బ్రౌన్ ఇతని ఒంట్లో. ఆ ఒంట్లో ఉన్నందువల్ల డిక్కీకి దక్కే సుఖాల్లో, డాన్సు రావడంతో పాటు, నల్లవాళ్లు తమలో తాము అనుకుంటే చెల్లి, తెల్లవాళ్ల నోట వస్తే బండతిట్టయ్యే ఆ మాట అనేయగలగడం ఒకటి. పాడుతున్నది బ్రౌన్ గొంతే కాబట్టి పట్టుబడడు. తెలివైన ఎత్తే, కాదనను. ఆ తెలివే చిరాకు తెప్పిస్తుంది. దానికి తోడు క్రిస్ బ్రౌన్ ఎవరు? 2009లో గ్రామీ వేడుకకి ముందు రాత్రి ప్రియురాలు, గాయని రియానాని కొట్టి, నేరం ఒప్పుకుని అయిదేళ్ల ప్రొబేషన్ శిక్ష పొందినవాడు. డిక్కీ ఒంట్లోకి వచ్చాక ఆ గతం తనని వెంటాడడం లేదని అతను ఊపిరి పీల్చుకోవడం కూడా పాటలో ఒక జోకే. తన లోపాల మీద తను నవ్వుకునే మనిషి పక్కవాడి నేరాన్ని కూడా అదే ఖాతాలో వేసి నవ్వించబోయాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

సరిగ్గా అప్పుడే, ఆ ఏడాది మే నెలలో, డొనాల్డ్ గ్లోవర్ 'దిస్ ఈజ్ అమెరికా' వీడియో వచ్చింది. గ్లోవర్ కూడా కమెడియన్‌గా మొదలై చైల్డిష్ గాంబినో పేరుతో ర్యాపర్ అయినవాడే. మొదట్లో అతన్నీ జోకర్ అని తీసిపారేశారు. అతను మెల్లమెల్లగా పాటలోంచి జోకులు తీసేసి, వాటిని 'అట్లాంటా' టీవీ సీరీస్‌కి తరలించాడు. డిక్కీకి ఆ వీలు లేదు. అతని పాటలోంచి హాస్యం తీసేస్తే మిగిలేది మంచి పనితనమున్న ఒక మామూలు ర్యాపర్.

2019 ఏప్రిల్‌లో ధరిత్రీ దినోత్సవానికి ముందు వచ్చిన 'ఎర్త్' గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అరియానా గ్రాండే, జస్టిన్ బీబర్, ఎడ్ షీరన్ లాంటి ముప్పై మంది దాకా తారలు తలా ఒక జంతువుకి గొంతిచ్చారు. లియొనార్డో డికాప్రియో ఫౌండేషన్ తోడు నిలిచింది. ఉద్దేశం మంచిది. పాట మాత్రం, అన్ని కూరలూ కలిపి వండిన పెళ్లి మర్నాటి పులుసు.

వంత పాడేవాడి కథ

కుర్రాడిగా అనుకున్న గమ్యం, అంటే టీవీ, 2020 మార్చి 4న అందింది. ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ చానల్లో 'డేవ్' సీరీస్ మొదలైంది. 'సైన్‌ఫెల్డ్'కీ 'కర్బ్ యువర్ ఎంతూజియాజమ్'కీ రాసిన జెఫ్ షాఫర్‌తో కలిసి సృష్టించాడు. నిర్మాతల్లో కమెడియన్ కెవిన్ హార్ట్ కూడా ఉన్నాడు. మరో పది రోజుల్లో అమెరికాలో కరోనా తలుపులు మూయించింది, జనం టీవీల ముందు కూర్చున్నారు. మొదటి సీజన్ అయ్యాక, తమ కామెడీల్లోకెల్లా ఎక్కువమంది చూసింది ఇదేనని ఎఫ్‌ఎక్స్ సంస్థ ప్రకటించింది.

డేవ్ అనే ర్యాపర్‌గా డేవే నటించాడు. మొదటి ఎపిసోడ్‌లో వైజీ అనే పేరున్న ర్యాపర్ ఇతని పాటలో ఒక చరణం పాడడానికి పదివేల డాలర్లు అడుగుతాడు. డేవ్ వెతుక్కుంటూ వెళ్లేది ఆ బార్ మిట్జ్వా డబ్బు కోసమే. పాటల్లో డిక్కీ తన లోపాల్ని వరసపెట్టి చెప్పి మార్కులు కొట్టేస్తాడు. సీరీస్‌లో అది కుదరదు, ఎందుకంటే పక్కన మనుషులున్నారు. నా గురించి నేను ఎంత నిజాయితీగా చెప్పుకుంటున్నానో చూడండి అని డేవ్ మురిసిపోతుంటే, ఆ పక్కనే అతని గర్ల్‌ఫ్రెండ్ నీరసంగా వింటూ ఉంటుంది. ఆత్మనింద కూడా ఒక రకం డాంబికమేనని పాటల్లో దాచుకున్న రహస్యాన్ని ఈ సీరీస్ బయటపెట్టింది.

అన్నిటికన్నా పైన నిలిచేది మొదటి సీజన్ అయిదో ఎపిసోడ్, 'హైప్ మ్యాన్'. హైప్ మ్యాన్ అంటే స్టేజీ మీద ర్యాపర్ పక్కనే ఉండి, వాక్యం చివరి మాటని తను అందుకుని, జనాన్ని రెచ్చగొట్టి, దొర గుక్క తిప్పుకునే సందులో సందడి తగ్గకుండా చూసేవాడు. బుర్రకథలో వంత అనుకోండి. డేవ్‌కి నిజ జీవితంలో ఆ పని చేసే గేటా, సీరీస్‌లోనూ గేటాగానే నటించాడు. నటనలో అనుభవం లేని మనిషి. నాలుగు ఎపిసోడ్ల పాటు మనం అతన్ని చూసి నవ్వుతాం. ఎప్పుడూ హుషారు, నోరు తెరిస్తే కోతలు. అయిదో దాంట్లో కథ వెనక్కి వెళుతుంది. చెప్పుల దుకాణంలో పనిచేస్తున్న గేటా. అదే హుషారు. అది కాస్త ఎక్కువవుతుంది, మరికాస్త, ఇంకాస్త. చూస్తున్న మనకి నవ్వు ఎక్కడ ఆగిపోయిందో తెలియదు. ఆ హుషారు జబ్బు లక్షణమని అప్పుడర్థమవుతుంది.

తర్వాత వర్తమానంలో, స్నేహితులందరి ముందూ తనకి బైపోలార్ డిజార్డర్ ఉందని గేటా చెబుతాడు. ఆ మాట నోట్లోంచి రావడానికి అతను పడే యాతన, కన్నీళ్లు, గొంతు పూడుకుపోవడం, ఇవేవీ నటనలా ఉండవు. నటన కూడా పూర్తిగా కాదు, అతని సొంత కథే అది, ఆ జబ్బుతో బతుకుతున్న మనిషే అతను. కెమెరా అతని మొహాన్ని వదలదు. తన గురించి తప్ప మాట్లాడని డేవ్, చాలాసేపు మాట్లాడకుండా కూర్చునే అరుదైన సన్నివేశం కూడా ఇదే. నల్లజాతి యువకుల్లో మానసిక వ్యాధి గురించి ఒక కామెడీ సీరీస్ ఇంత మర్యాదగా మాట్లాడడం నేను వేరే చూడలేదు. లిల్ డిక్కీ పేరు మీద వచ్చిన వాటిల్లో మేలైన ఇరవై చిల్లర నిమిషాలు లిల్ డిక్కీ గురించి కాకపోవడం చిత్రమే.

ఆ తర్వాతి ఎపిసోడ్లలో సీరీస్ డేవ్‌ని ఇంకా గట్టిగా నిలదీసింది. మొదటి సీజన్ చివర్లో, జైలుకెళ్లిన తెల్లవాడి కథని పెద్ద పాటగా కట్టి, ఇదే నా మొదటి సింగిల్ అని పట్టుబడతాడు. రికార్డు కంపెనీవాళ్లకీ మింగుడుపడదు, సొంత మనుషులకీ మింగుడుపడదు. ఆఖరికి న్యూయార్క్ రేడియో షో 'ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్'లో మైకు ముందు కూర్చుని ర్యాప్ అందుకున్నాకే ఊపిరి ఆడుతుంది. 2021లో వచ్చిన రెండో సీజన్‌లో ఆల్బమ్ రాయలేక కొట్టుమిట్టాడే డేవ్ స్వార్థం ఎంత చేదుగా ఉంటుందంటే, హీరోని ఇంత చెడ్డగా చూపించుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుందా అనిపిస్తుంది. 2023 నాటి మూడో సీజన్ ప్రేమ కోసం వెతుకులాట. రేచల్ మెకాడమ్స్, బ్రాడ్ పిట్, డ్రేక్ వచ్చి తమ పాత్రలు తామే వేశారు. నవ్వులకి లోటు లేదు గానీ, గేటా లాంటివాళ్లకి దక్కాల్సిన చోటు తారలు తినేశారు.

రెండో ఆల్బమ్ 'పీనిత్' 2024 జనవరి 19న వచ్చింది. మొదటి దానికీ దీనికీ మధ్య ఎనిమిదిన్నరేళ్లు. అది కూడా సీరీస్‌లో వినిపించిన పాటల సంపుటే. నెల తిరగకముందే ఇంకో కబురు తెలిసింది. డేవ్ వేరే పనుల మీద దృష్టి పెట్టాలనుకుంటున్నాడు, అందుచేత నాలుగో సీజన్ ఇప్పట్లో లేదు అని. ఆ పాటలు సీరీస్ చూడనివాళ్లకి సగమే అర్థమవుతాయి. రేచల్ మెకాడమ్స్ మీద పాట ఎందుకు కట్టాడో, చిన్నప్పటి వీధి పేరు పెట్టుకున్న 'హారిసన్ అవెన్యూ'లో అంత దిగులెందుకో కథ తెలిస్తేనే తడుతుంది. 2013లో ఒక్కో పాటా ఒక్కో సినిమాగా నిలబడేది. ఇప్పుడు సినిమా ఉంటే గానీ పాట నిలబడడం లేదు. 'ఎక్స్ బాయ్‌ఫ్రెండ్' రాసినవాడి చేతిలో ఇది బలహీనతే.

కొత్తగా చూడాలనుకునేవాళ్లు 'సేవ్ దట్ మనీ' వీడియోతో మొదలుపెట్టండి. అది నచ్చితే స్నూప్ డాగ్ ఇంటర్వ్యూ పాట వినండి, పది నిమిషాలు తీరిక ఉన్న రోజున 'పిల్లో టాకింగ్' చూడండి. 'ఫ్రీకీ ఫ్రైడే' లేకపోయినా నష్టమేం లేదు. సీరీస్ మాత్రం మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా చూడండి, అయిదో దానికి తిన్నగా దూకితే దాని దెబ్బ తగలదు. ఇంకో మాట, బూతులు దండిగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్నప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం మంచిది.